సోల్వే కాటా ఎక్కిన రోజు

ఏం అబ్బాయ్, వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నా, ప్లేటులో చెర్రీపళ్ల ‘పై’ ముక్క మీద కన్నా ఆ గోడ మీదే ఎక్కువ చూపు పెడుతున్నావ్. ఆఁ, ప్రొపెల్లరే. చెక్కదే. కాదు, ఇవ్వను. రెండోసారి అడిగినా ఇవ్వను, మూడోసారి అడిగినా ఇవ్వను. మూడోసారికి మెత్తబడటం మా ఊళ్లో కాఫీకే, అన్నిటికీ కాదు. నువ్వు దాణా మిల్లు గుండర్ మనవడివి కదూ? చెప్పక్కర్లేదులే, ఆ చెవులే చెప్తున్నాయి. మీ తాతకీ అంతంత చెవులే, అంతంత చెవులుండీ పక్కవాడి మాట ఒక్కటి లోపలికి పోనిచ్చేవాడు కాదు మహానుభావుడు. విమానం కడుతున్నావటగా, చర్చిలో మీ అమ్మ చెప్పింది. రెండు సీట్లది. అంతా అయిపోయింది, ప్రొపెల్లర్ ఏది పెట్టాలో ఒక్కటే తేలడం లేదంది. తేలదు నాయనా. పదిమందిని అడిగుంటావు, పన్నెండు రకాలు చెప్పుంటారు. కూర్చో. ఆ కుర్చీ ఇలా జరుపు, నా కాలు పెట్టుకోవాలి. ఇది వంగదు, నిన్నా మొన్నటి సంగతి కాదు, దాని గురించి నువ్వు కంగారు పడక్కర్లేదు. నీకు ప్రొపెల్లర్ ఎంచుకోవడం తెలియాలంటే సోల్వే సంగతి తెలియాలి. తెలియదా? ఎలా తెలుస్తుందిలే, నువ్వు పుట్టకముందే పోయింది.

సోల్వే అంటే క్నూట్ పెళ్లాం. అలాగే అనేవాళ్లు ఊళ్లో, పాపం ఆవిడకి వేరే వృత్తి లేనట్టు. క్నూట్‌కి నలభై ఆవులు, ఒక కొట్టం, కొట్టంలో విమానం. ఆరు శీతాకాలాలు కట్టాడు. పొద్దున్నే పాలు పితకడం, మధ్యాహ్నం విమానం, సాయంత్రం మళ్లీ పాలు. ‘క్నూట్ విమానం కడుతున్నాడు, క్నూట్ విమానం కడుతున్నాడు’ అని ఊరంతా ఒకటే గోల. ఏం కట్టాడయ్యా? ఎముకలు కట్టాడు. గొట్టాలు అతికాడు, చెక్కలు పేర్చాడు. మరి చర్మం ఎవరు తొడిగారు? నువ్వు కడుతున్నావు కాబట్టి తెలుసుగా, రెక్కకి గుడ్డ కప్పి, లోపల చెక్క పక్కటెముకలకి పట్టుకునేలా ఈ పక్కనుంచి ఆ పక్కకి జానెడు సూది గుచ్చి, మైనం పట్టించిన దారంతో రెండంగుళాలకో ముడి. అటొకరు, ఇటొకరు కూర్చుంటే గానీ కాదు. అటు సోల్వే, ఇటు నేను. మొత్తం ఎన్ని ముళ్లో సోల్వే లెక్కపెట్టింది, నేను మానేశాను. ఆ తరవాత వేసవిలో పేపరువాళ్లు వచ్చి ఫోటో తీస్తే ఎవరున్నారు అందులో? క్నూట్, మీ తాత గుండర్, మా ఆయన మెల్విన్, పాస్టరు గారు. ముళ్లు వేసిన చేతులు వెనకాల వంటింట్లో శాండ్‌విచ్‌లు కోస్తున్నాయి.

అలా కుట్టుకుంటూ కూర్చున్నప్పుడే మాకు సావాసం గట్టిపడింది. నేను బడి మానేసింది ఎనిమిదో తరగతిలో, తను తొమ్మిదిలో. మా ఇద్దరికీ చదువు చెప్పింది నెలకి రెండుసార్లు వచ్చే లైబ్రరీ వ్యాను. నేను కథలు తెచ్చుకునేదాన్ని. తను ఏదైనా సరే, కోళ్ల జబ్బుల దగ్గర్నుంచి చుక్కల దాకా. ఆ ఆరో శీతాకాలం ఇటుకంత పుస్తకం ఒకటి పట్టుకొచ్చింది, అంతా ప్రొపెల్లర్ల గురించే. వెనక అట్టకి అంటించిన చీటీ మీద అంతకుముందు ఒక్కడు తీసుకెళ్లిన ముద్ర కూడా లేదు. ‘ఒసే ఆర్డిస్, ఇది నాకోసమే రాశాడే వీడెవడో’ అంది. నేను నవ్వాను. అప్పుడు నాకు అన్నిటికీ నవ్వే.

మాది మొహమాటస్థుల ఊరు. అది ముందు నీ బుర్రలో పెట్టుకో, లేకపోతే కథ అర్థం కాదు. పేరుకి చర్చి ఉంది గానీ మా అసలు మతం మొహమాటమే. కాఫీ ఇస్తే ‘అబ్బే వద్దండీ’ అనాలి, మళ్లీ అడిగితే ‘మీకెందుకండీ శ్రమ’ అనాలి, మూడోసారి అడిగితే ‘సరే, సగం కప్పు’ అనాలి. ఆ సగం కప్పులు తాగి తాగి మనిషికి ఎనిమిది కప్పులు లాగించేవాళ్లు నా ఈ హోటల్లో, ఇదే బల్ల దగ్గర. చర్చిలో బూడిద నీళ్లలో ఊరేసిన ఆ ఎండు చేప విందు పెడతారే, జిగురు జిగురుగా, బతికున్నవాడెవడూ దాన్ని ఇష్టపడి తినలేదు. కానీ వండినవాళ్లు ఏమనుకుంటారోనని వంద మందీ రెండోసారి వడ్డించుకుంటారు. వాళ్లకి నచ్చిందేమోనని వండినవాళ్లు పైయేడు ఇంకో బుట్టెడు ఎక్కువ వండుతారు. అలా నడిచింది ఊరు. సొంత పెళ్లాన్ని ఏదైనా అడగాలన్నా క్నూట్ వాతావరణంతో మొదలుపెట్టేవాడు. అది గుర్తుంచుకో, దానితో పని ఉంది.

ఇక ప్రొపెల్లర్. రెండు రకాలని తేల్చారు మొగాళ్లు. పొడుగు రెంటికీ ఒకటే, మెలికే తేడా. ఎక్కువ మెలిక ఉన్నది యాభై, తక్కువ మెలిక ఉన్నది నలభై రెండు. మర బిగిస్తే ఒక చుట్టుకి ఎన్ని అంగుళాలు దిగుతుందో అలాగన్నమాట. యాభై ఒక చుట్టుకి ఎక్కువ గాలి కొరుకుతుంది, పైన బాగా పరిగెడుతుంది. నలభై రెండు చిన్న చిన్న ముక్కలు కొరుకుతుంది, పైన నత్త. కానీ నేల మీంచి చప్పున లేస్తుంది. ఇంతే. ఈ ఇంత మాటకి డిసెంబరు నుంచి మార్చి దాకా ఇదే బల్ల చుట్టూ సభ. మీ తాత గుండర్ చేతిరుమాలు కాగితాల మీద గీతలు గీసేవాడు. అవి పొయ్యి అంటించుకోవడానికి బాగా పనికొచ్చేవి నాకు. ‘శాస్త్రం ప్రకారం...’ అని మొదలుపెట్టేవాడు, ఏ శాస్త్రమో చెప్పేవాడు కాదు. పాస్టరు గారు, ఆయనకి సైకిలు తొక్కడం కూడా రాదు, ‘మధ్యే మార్గంగా నలభై ఆరు పెడితే ఎవరి మనసూ నొచ్చుకోదేమో’ అన్నారు. మా మెల్విన్ అప్పటికే ఒకటి కట్టి ఎగరేస్తున్నాడు. నా మొగుడని చెప్పడం కాదు గానీ, మీసం ముందు నడిచేది, మనిషి వెనకాల వచ్చేవాడు. ‘ఒరే క్నూట్, నలభై రెండు పెట్టుకున్నవాడు పాల బండి తోలుకోవాలిరా! ఆగస్టులో పందెం ఉంది, మూడు ఊళ్లవాళ్లు వస్తారు. నీ ఆవులు కూడా నిన్ను దాటి పోతాయి’ అని బల్ల చరిచేవాడు. అదీ అసలు రహస్యం. ఆగస్టులో పందెం, ఇత్తడి కప్పు ఒకటి, ఇంతే ఎత్తు. దాంట్లో గుడ్డు ఉడకబెట్టుకోవడానికి కూడా చాలదు. ఆ కప్పు కోసం యాభై ఖాయం చేశారు. నాలుగు నెలల శాస్త్రం చివరికి కప్పులో పడింది.

మార్చిలో వచ్చింది చెక్క. ఇదే. ఈ గోడ మీదిదే. ఏమనుకున్నావు మరి? పురిటి బిడ్డని తెచ్చినట్టు దుప్పట్లో చుట్టి తెచ్చి ఇదే బల్ల మీద పడుకోబెట్టారు. అందరూ తడిమారు. నేను సిరప్ గిన్నె తీసి పక్కన పెట్టాల్సొచ్చింది. ఏప్రిల్లో బిగించి క్నూట్ ఒక్కడే ఎగిరాడు. చల్లటి పొద్దు, ఎదురుగాలి, సీట్లో ఒక్కడే మనిషి. లేచింది, రోడ్డు అవతలి కరెంటు తీగల మీంచి పోయింది. ఎంత మీంచి అంటావా? ఆ రోజు అందరూ ‘బోలెడంత’ అన్నారు. టోపీలు ఎగరేశారు. మీ తాత ఏడ్చాడు కూడా. వచ్చే ఆదివారం చర్చి అయ్యాక సోల్వేని ఎక్కించి ఊరి మీద ఒక చుట్టు తిప్పాలి, పాస్టరు గారు దీవించాలి, చర్చి ఆడవాళ్లు చెర్రీ పైలు చేసి పట్టుకురావాలి, అంతా నిశ్చయం చేసేశారు. సోల్వేకి కూడా చెప్పారు, పోనీలే, అక్కడిదాకా బాగానే ఉన్నారు.

గురువారం నాడు సోల్వే ఇక్కడికి వచ్చింది. చేతిలో ఆ ఇటుక పుస్తకం. అందరూ ఉన్నారు, పనులు లేనట్టు. తను కూర్చోలేదు. ‘మూడు ముక్కలు అడిగి పోతాను’ అంది. ‘విమానం పరిగెత్తే మన పచ్చిక ఎంత పొడుగు?’ పదిహేను వందల అడుగులు అన్నారు. ‘చివర ఏముంది?’ అదేం ప్రశ్న అన్నట్టు చూసుకున్నారు, పుట్టినప్పటి నుంచీ చూస్తున్న తీగలే కదా. ‘సరే. మీ లెక్కల కాగితంలో నా బరువు ఎంత వేశారు?’

అబ్బాయ్, పొయ్యి మీద కాఫీ గిన్నె చప్పుడు చేస్తుంటే దాన్ని కూడా ఆపేద్దామనిపించింది. మీ తాత చెవులు ఎర్రగా అయిపోయాయి, అంత చెవులు ఎర్రబడితే గది వెచ్చబడుతుంది. క్నూట్ బయటికి చూసి ‘సాయంత్రం వాన పడేట్టుంది’ అన్నాడు. నేను చెప్పలా? పాస్టరు గారు టోపీ వెతుక్కున్నారు, నెత్తి మీదే ఉంది. చివరికి మీ తాతే గొణిగాడు: ‘అదీ... ఆడమనిషి అంటే... పుస్తకాల్లో మామూలుగా నూట ఇరవై పౌన్లు వేస్తారమ్మా...’

నూట ఇరవై! సోల్వేని చూసినవాడెవడైనా... ఎలా చెప్పను నీకు. దూడ తప్పించుకుపోతుంటే రెండు చేతుల్తో ఎత్తి చంకలో పెట్టుకుని తెచ్చేది. ఆవిడ చర్చి బెంచీ మీద కూర్చుంటే ఆ చివర కూర్చున్నవాడికి తెలిసేది. అందరికీ కళ్లున్నాయి. కానీ అడగడమా! ఆడమనిషిని, పెద్దమనిషి తరహా ఇల్లాలిని, ‘మీరెంత తూగుతారు’ అని! దానికన్నా తీగలకి తగిలించి చంపడమే మర్యాద అనుకున్నారు. ఇంజను బరువు ఔన్సుల్లో రాసుకున్నారు, పెట్రోలు చుక్కల్లో లెక్కేశారు, రెక్కకి పూసిన రంగు ఎండాక ఎంత తూగుతుందో తూచారు. పెళ్లాన్ని మాత్రం అచ్చు పుస్తకంలోంచి దింపుకున్నారు.

సోల్వేకి కోపం రాలేదు, అదే నాకు ఆశ్చర్యం. నేనైతే సిరప్ గిన్నె నెత్తి మీద బోర్లించేదాన్ని. ‘గుండర్ అన్నయ్యా, మీ మిల్లు తెరిచే ఉందా?’ అంది, అంతే. అందరూ వెనకాల నడిచారు. ఎందుకు నడుస్తున్నారో వాళ్లకే తెలీదు, చావు ఇంటికి వెళ్లినట్టు. మిల్లులో దాణా బస్తాలు తూచే కాటా ఉంది కదా, పలక ఉన్నది. దాని మీద బస్తాలు తీయించి తను ఎక్కింది. కోటుతో, బూట్లతో. మీ తాత గోడ వైపు తిరిగాడు. ‘ఇటు తిరుగన్నయ్యా, ముల్లు చూసి చదువు. నాకు ఇక్కణ్ణుంచి కనపడదు.’ ‘బూట్లన్నా తియ్యమ్మా’ అన్నాడు ఏడుపు గొంతుతో. ‘విమానంలోకి ఒట్టి కాళ్లతో ఎక్కించుకుంటాడా మీ స్నేహితుడు? చదువు.’ చదవలేకపోయాడు. అప్పుడు తనే వంగి, ముల్లు చూసి, మిల్లంతా వినపడేట్టు అంది: ‘నూట ఎనభై ఏడు!’

చర్చిలో పాట ఎత్తుకున్నట్టు అంది. బస్తాల మీద పిల్లి లేచి పారిపోయింది. మా మెల్విన్ మీసం కిందికి దిగింది. క్నూట్... క్నూట్ ఒక్కడే ఆవిణ్ణి చూస్తున్నాడు, అదేదో మొదటిసారి చూస్తున్నట్టు. ఆవిడ దిగొచ్చి అతని ముందు నిలబడింది. ‘ఏమయ్యా, నన్నే కదా ఎక్కిస్తానన్నావు, పుస్తకంలో దాన్నెవత్తినో కాదు కదా?’ అంది. ‘నాకు ఎగరాలనుంది. ఆరేళ్ల నుంచీ ఉంది. ఎగరాలనుంది కాబట్టే చావాలని లేదు. నూట ఎనభై ఏడు పౌన్లు బస్తాల్లో పోసి ఇస్తాను, నా సీట్లో కట్టు. అది తీగలు దాటగలిగితే నేనూ ఎక్కుతాను. యాభై అయినా సరే, ఏదైనా సరే.’

శనివారం కట్టారు. పందుల దాణా, రెండు బస్తాలు. మా మెల్విన్ ఊరుకుంటాడా, పై బస్తాకి తలగుడ్డ చుట్టి ‘వదినా, ఇవాళ బాగా కుదిరావు’ అని దానితో సరసాలు. అందరూ నవ్వారు, సోల్వే కూడా నవ్వింది. నవ్వుతూనే పోయి పచ్చిక పక్కన మూడు కర్రలు పాతింది, ఎర్ర గుడ్డలు కట్టి. ‘మొదటి గుడ్డకి తోక లేవాలి. రెండోదానికి చక్రాలు లేవాలి. మూడోదాని దగ్గర కూడా నేల మీదే ఉంటే ఇంక నీ బుర్రతో ఆలోచించకు, ఇంజను కట్టెయ్యి. బస్తా ఏమీ అనుకోదు.’ మెల్విన్ నా చెవిలో ‘మనకి విమానం ఎలా నడపాలో చెప్తోందే పాలావిడ’ అన్నాడు. నేను... సరేలే.

బయల్దేరాడు. ఇంజను మూలిగింది. సోల్వే పక్కన నిలబడి నాతో అంటోంది, ‘చూడవే, ట్రాక్టరుని టాపు గేరులో పెట్టి బురదలోంచి లాగమన్నట్టుంది దాని గతి.’ మొదటి గుడ్డ పోయింది, తోక కిందే ఉంది. రెండోది పోయింది, అప్పుడు లేచింది తోక. మూడోది... చక్రాలు గడ్డిలోనే. ఆ క్షణం నేను ఒట్టేసి చెప్తున్నా, క్నూట్ మొహం నాకు కనపడలేదు గానీ వీపు కనపడింది, ఆ వీపు ఆలోచించింది. ఇంజను కట్టేశాడు. కంచె దాకా దొర్లుకుంటూ పోయి, ముక్కు కంచెకి ఇంత దూరంలో, ఈ బల్ల ఇంత, ఆగింది. దిగలేదు చాలాసేపు. తలగుడ్డ చుట్టుకున్న బస్తా పక్కన కూర్చుండిపోయాడు. సోల్వే నడిచి వెళ్లింది. చెయ్యి ఇచ్చి దింపింది.

ఇక్కడ మనవాళ్లు ఊరుకున్నారనుకున్నావా? మీ తాత ‘బస్తా రాత్రి మంచుకి తడిసుంటుంది, బరువు పెరిగుంటుంది’ అన్నాడు. పాస్టరు గారు ‘గడ్డి కొంచెం ఎత్తుగా ఉందేమో’ అన్నారు. మా ఆయన ‘నేనైతే లేపేవాణ్ణి’ అన్నాడు. నాలుగు నెలల శాస్త్రం తప్పవడం కన్నా దాణా తడవడం తేలిక కదా. క్నూట్ మాత్రం సోమవారం పొద్దున్నే పాలు పితికి నేరుగా వెళ్లి నలభై రెండు చెప్పొచ్చాడు. అది వచ్చాక, మళ్లీ అవే బస్తాలు, అవే గుడ్డలు. రెండో గుడ్డ దగ్గరే లేచింది. ఆ మరుసటి ఆదివారం సోల్వే ఎక్కింది. ఎక్కుతుంటే విమానం ఒక పక్కకి ఒంగింది, ఎవరూ చూడనట్టు నటించారు. ఆవిడే అంది: ‘చూడండయ్యా చూడండి, లెక్కలో ఉంది ఇదంతా.’

ఆగస్టు పందెంలో ఆఖరు వచ్చారు. మామూలు ఆఖరు కాదు, కప్పు ఇచ్చేసి ఫోటోలు తీసేసి కుర్చీలు మడుస్తుంటే దిగారు. ‘పాల బండి వచ్చిందర్రా’ అన్నాడు మా ఆయన. సోల్వే దిగి ‘చెరువులు ఎన్ని ఉన్నాయో తెలుసా మన జిల్లాలో? పదమూడు. నీకేం కనపడ్డాయి మెల్విన్, తొందరలో?’ అంది. ఆ నత్త మీద పదిహేనేళ్లు తిరిగారు ఇద్దరూ. ఆదివారం ఆదివారం. ఉత్తరాన పెద్ద సరస్సు దాకా పోయి, దాని మీద మంచు పగలడం చూసొచ్చి నాకు గంటసేపు చెప్పింది. చివరికి ఆవిడ పోయింది కూడా గుండె జబ్బుతో, మంచం మీద, అందరిలాగే. ఆ తరవాత క్నూట్ మళ్లీ ఎగరలేదు. ‘సీట్లో బస్తా పెట్టుకోమంటావా?’ అన్నాడు నాతో ఒకసారి. అతనన్న ఒకే ఒక్క హాస్యం అది, నేను నవ్వలేదు.

ఏం అడుగుతున్నావ్? ఆఁ, ఈ యాభై సంగతి. కొట్టంలో మూల పడి ఉంటే మా ఆయన తెచ్చుకున్నాడు. ఇద్దరి ఇంజన్లూ ఒకటే, బోల్టు కన్నాలూ ఒకటే. ‘చేతకానివాడి చెక్క చేతనైనవాడి దగ్గరికి వచ్చింది’ అన్నాడు. నిజమే, కప్పు తెచ్చాడు ఆగస్టులో. అదిగో ఆ అటక మీద, బటన్లు వేసుకుంటున్నాను దాంట్లో. ఒంటరిగా ఎగిరాడు, చల్లటి పొద్దుల్లో ఎగిరాడు, ఏం కాలేదు. పైయేడు జూలైలో నన్ను ఎక్కిస్తానన్నాడు. మా పెళ్లిరోజు. కాగితం పెట్టాడు ముందు, సోల్వే గొడవ తరవాత మొగాళ్లకి కొంచెం బుద్ధి వచ్చిందిలే, అడగడం నేర్చుకోలేదు గానీ కాగితం ముందుకి తోసి అటు తిరిగేవాళ్లు. ‘రాయవే’ అని కిటికీలోంచి చూస్తున్నాడు. రాశాను. నూట ఇరవై అయిదు. ఆ అయిదు ఎందుకంటావా? నిజంలా కనపడాలని.

సోల్వే ముందురోజే వచ్చింది నా దగ్గరికి. ఇక్కడే, ఇలాగే పిండి కలుపుతున్నా. ‘ఒసే ఆర్డిస్, రేపు ఎండ మండుతుంది. వేడిలో ఇంజనుకి ఊపిరాడదు. ఒకసారి మిల్లు దాకా వచ్చి కాటా ఎక్కవే, నేను తప్ప ఎవరూ చూడరు’ అంది. నేనేమన్నానో తెలుసా? ‘నీ అంత అవసరం నాకు లేదులేవే’ అన్నాను. నడుం మీద చెయ్యి పెట్టుకుని మరీ అన్నాను. నేను చదివిన పుస్తకాలన్నీ ఏ గంగలో కలిశాయో ఆ నిమిషం. తను పిండి మీద తడిగుడ్డ కప్పి వెళ్లిపోయింది.

ఈ చెక్క ఈ చివర చూడు. లేచి చూడు, దగ్గరికి వెళ్లి. అంగుళమున్నర లేదు కదూ? ఆ చివర ఉంది, ఈ చివర లేదు. మెల్విన్ వచ్చిన వాళ్లందరికీ ‘ఇంజను తేలిగ్గా తిరగాలని నేనే కోశాను’ అని చెప్పేవాడు. ఒక చివరే కోస్తాడటయ్యా ఎవడైనా? తీగ కోసింది. మేం లేచాం, లేవక కాదు. తీగల ఎత్తుకి లేచాం, సరిగ్గా తీగల ఎత్తుకే. ఊరి మొత్తానికి కరెంటు పోయింది, ఆదివారం మధ్యాహ్నం, అందరి ఓవెన్లలోనూ మాంసం సగం ఉడికి ఉంది. నేను మొక్కజొన్న చేలో పడి ఉంటే రోడ్డు మీద ఒకావిడ ‘అయ్యో, మా ఇంటికి చుట్టాలు కూడా వచ్చారే’ అనడం విన్నాను ఈ చెవులతో. నా కాలు మూడు చోట్ల విరగడం ఊరు మర్చిపోయింది, ఆ సగం ఉడికిన మాంసం మర్చిపోలేదు. మెల్విన్‌కి ముక్కు చిట్లింది, మీసం బతికింది. ఆ తరవాత ఇరవై రెండేళ్లు బతికాడు, ఇరవై రెండేళ్లూ ఒకటే మాట, ‘గాలి అటు తిరిగింది.’ చివరి రోజు ఆసుపత్రిలో చెయ్యి పట్టుకుని అన్నాడు, ‘ఆ గాలి అలా తిరక్కపోతే ఆర్డిస్...’ నేను ‘అవునండీ’ అన్నాను. మొహమాటం చూడు. చచ్చేవాడి దగ్గర కూడా.

ఆసుపత్రికి సోల్వే రోజూ వచ్చేది. నేను చెప్పలేదా అని అంటుందని ఎదురు చూశాను, అంటే తిరిగి తిట్టొచ్చని. అనలేదు. ఒక్కసారి మాత్రం దుప్పటి సర్దుతూ అడిగింది: ‘ఎంత రాశావే?’ చెప్పాను. ‘నిజం ఎంత?’ అంది. నేను గోడ వైపు తిరిగాను. మీ తాత తిరిగినట్టే. మళ్లీ అడగలేదు. చచ్చిపోయే దాకా అడగలేదు. ఆవిడ పోయాక మీ తాత మిల్లు మూసేస్తుంటే నేను వెళ్లి ఆ కాటా తెచ్చుకున్నాను. అదిగో, ఆ తలుపు పక్కన, పూలకుండీ పెట్టింది దాని మీదే. అదే, అదే కాటా.

సరే, నీ కాగితం తియ్యి. లెక్కల కాగితం. జేబులో ఉంటుంది, మీ తాత మనవడివి, లేకుండా ఎలా వస్తావు. చూడనీ. కళ్లజోడు... ఆఁ. పచ్చిక పద్నాలుగు వందల అడుగులు, బాగుంది. చివర చెట్లు. నీ బరువు నూట డెబ్భై ఎనిమిదిన్నర, ఓహో, అర కూడా వేశాడు. పక్క సీటు... నూట పదిహేను. ఎవరిది నాయనా ఈ నూట పదిహేను? మీ ఆవిడదా? అడిగావా? కాదు, నన్ను చూడు, వానొస్తుందా అని బయటికి చూడకు. అడిగావా లేదా?

ఆ బయట ట్రక్కులో ఇందాకట్నుంచీ కూర్చున్నది ఎవరు? అరగంట నుంచి చూస్తున్నా, పాపం ఫోను చూసుకుంటూ కూర్చుంది, లోపలికి రమ్మని ఒక్క మాట అనలేదు నువ్వు. ప్రొపెల్లర్ విషయం ఆడవాళ్లకి విసుగనా? ఆ పూలకుండీ తీసి కింద పెట్టు. జాగ్రత్త, పగలకొట్టకు. ఇలా చెయ్యి ఇయ్యి, లేపు నన్ను. కాదు, ముందు నేనే ఎక్కుతాను, పిల్ల సిగ్గు పడకుండా. ఇప్పుడు ముల్లు ఎంత చూపిస్తుందో నాకు అక్కర్లేదు, ముసలి ఎముకలు, ఎంతైనా చూపించుకోనీ. ఆనాటిది నూట అరవై మూడు. విన్నావా? నూట అరవై మూడు. ముప్ఫై తొమ్మిదేళ్లు పట్టింది ఈ నోటికి. సోల్వేకి ఇక వినపడదు, నీకు వినపడింది, చాలు...

ఏం, అలా నిలబడ్డావేం? పో, పిలువు ఆ అమ్మాయిని. చెర్రీ పై ఇంకా సగం ఉంది, కోస్తాను. ముందు కాటా. తరవాతే పై.